ఫారం కోడి, మొండి బ్యాక్టీరియా: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ముప్పు ఏ దారిన వస్తోంది?

సంక్షిప్తంగా: కోడిమాంసంలో మిగిలిపోయే మందు ఒక సమస్య. మందుకు లొంగని బ్యాక్టీరియా వేరే సమస్య. మొదటిది తిన్నవాళ్లకే పరిమితం. రెండోది పెంట, నీళ్లు, చేతులు, కత్తిపీటల మీదుగా కోడి ముట్టని ఇంటికి కూడా చేరుతుంది. షెడ్లలో చాలాచోట్ల యాంటీబయాటిక్ చేస్తున్న పని నిజానికి టీకా, పొడి ఊక, శుభ్రమైన నీళ్లు, ల్యాబ్ పరీక్ష చేయాల్సినది. నిషేధం రాసినంత మాత్రాన వాడకం ఆగకపోవడానికి అదే ప్రధాన కారణం.

రెండు భయాలు, ఒకటే మాట

ఆదివారం పొద్దున పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో చికెన్ కొట్టు ముందు నిలబడితే ఒక మాట తప్పక వినిపిస్తుంది: 'ఫారం కోడంటే సగం మందులే.' నాటుకోడికి ఎక్కువ ధర పెట్టడానికి చెప్పే కారణం కూడా అదే. మాటలో నిజం లేకపోలేదు. అయితే రెండు వేర్వేరు సంగతులు అందులో కలిసిపోయాయి.

ఒకటి మందు అవశేషం. కోడికిచ్చిన మందు ఒంట్లోంచి పూర్తిగా పోకముందే కోస్తే కండలోనూ కార్జంలోనూ కొంత మిగులుతుంది. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 2014లో ఢిల్లీ, దాని పరిసరాల నుంచి తెచ్చిన 70 కోడిమాంసం నమూనాలను పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. వండితే ఈ అవశేషాలు పూర్తిగా పోతాయన్న భరోసా లేదు. కొన్ని మందులు వేడికి విరుగుతాయి, కొన్ని విరగవు.

రెండోది మందుకు లొంగని బ్యాక్టీరియా. ఇది మందు కాదు, బతికున్న జీవి. కోడి ఒంట్లో మందు చుక్క కూడా మిగలకపోయినా దాని పేగుల్లో ఈ బ్యాక్టీరియా ఉండవచ్చు. మందు కొన్ని రోజుల్లో పోతుంది, దాని వల్ల బలపడ్డ బ్యాక్టీరియా ఉండిపోతుంది. వంట విషయంలో రెండూ పూర్తిగా తిరగబడతాయి. ముక్క లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది. కాబట్టి ఉడికిన కూరకన్నా కూర వండకముందు పచ్చిమాంసం తగిలిన చెయ్యి, కత్తిపీట, పక్కన తరిగిన ఉల్లిపాయ, కుళాయి కింద కడిగినప్పుడు చిందిన నీళ్లు ఎక్కువ ప్రమాదం.

మూడో భయం కూడా ఒకటి ప్రచారంలో ఉంది, హార్మోన్ ఇంజెక్షన్ల గురించి. దానికి ఆధారం లేదు. బ్రాయిలర్ 40 రోజుల్లో రెండు కిలోలకు రావడం దశాబ్దాలుగా సాగిన జాతి ఎంపిక, మేత తయారీల ఫలితం. వేల పిల్లలున్న షెడ్డులో ఒక్కో దానికీ రోజూ సూది పొడవడం ఆర్థికంగానూ సాధ్యం కాదు.

గులాబీ పురుగుకూ బ్యాక్టీరియాకూ తేడా

'మందులు తిని తిని ఒంటికి అలవాటైపోయింది' అనడం వాడుక. మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. కోళ్ల పేగుల్లోనూ మనుషుల పేగుల్లోనూ సహజంగా ఉండే ఈ.కోలై మంచి పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ల్యాబ్‌లో ఆ లెక్క తప్పకుండా సాగితే పది గంటల్లో ఒక్కటి వంద కోట్లు దాటుతుంది. పేగులో అంత వేగం ఉండకపోయినా, ఇన్నిసార్లు నకలు తీసుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట అక్షరదోషం పడుతుంది. అటువంటి దోషాల్లో ఏదో ఒకటి మందును తట్టుకునే గుణం ఇస్తుంది. మందు లేనప్పుడు ఆ గుణానికి పెద్ద విలువ లేదు. మందు పడగానే మిగతావి చచ్చి, ఖాళీ అయిన చోటంతా ఆ ఒక్కదాని సంతతి నిండుతుంది.

రాయగడ, గుణుపురం ప్రాంతాల్లో పత్తి వేసేవారికి ఈ తంతు కొత్త కాదు. బీటీ పత్తిని తట్టుకున్న గులాబీ రంగు పురుగు సరిగ్గా ఇలాగే బలపడింది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. పురుగు తన గుణాన్ని పిల్లలకే ఇవ్వగలదు. బ్యాక్టీరియా పక్కనున్నదానికి కూడా ఇస్తుంది, అది వేరే జాతిదైనా సరే. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద నిరోధక జన్యువులు, అంటే మందును తట్టుకునే గుణాన్నిచ్చేవి, ఉంటాయి. రెండు బ్యాక్టీరియాలు ఒకదానికొకటి తగిలినప్పుడు ఆ వలయం నకలు ఒకదానినుంచి మరొకదానికి వెళ్లిపోతుంది. తాళంచెవికి నకలు తీయించి పొరుగింటివాడికి ఇచ్చినట్టన్నమాట.

ఇక్కడే మరో చిక్కు. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు వరసగా ఉండవచ్చు. అప్పుడు షెడ్డులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే వాడినా, దానితోపాటు సెఫలోస్పోరిన్ అనే వేరే కుటుంబపు యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా కాపాడబడుతుంది. 'ఆ మందు మా ఫారంలో ఎప్పుడూ వాడలేదు' అని రైతు నిజమే చెప్పినా ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా అక్కడ దొరకడానికి ఇదొక కారణం.

పేర్లు వేరైనా మందులు ఒకే కుటుంబానివి కావడం ఇంకొకటి. కోళ్లకిచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్, మనుషులకిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ ఫ్లోరోక్వినొలోన్లే. పైగా ఎన్రోఫ్లాక్సాసిన్‌లో కొంత భాగం ఒంట్లోకి వెళ్లాక సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. కోళ్ల మందుల షాపులో ఉన్న డబ్బాకూ మనుషుల మందుల షాపులో ఉన్న స్ట్రిప్పుకూ మధ్య గోడ అనుకున్నంత మందం లేదు.

మేతలోకి మందు ఎలా వచ్చింది

ఈ కథ మొదలైన చోట ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు బీ12 విటమిన్ చవగ్గా అందించే దారి వెతుకుతూ, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపి చూశారు. పిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. కారణం పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్. 1950లో ఈ సంగతి బయటపడ్డాక రోగం లేని కోడికి కూడా రోజూ కొద్దికొద్దిగా మందు పెట్టడం ప్రపంచమంతా పాకింది.

హెచ్చరిక అప్పటికే ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే తక్కువ డోసు బ్యాక్టీరియాను చంపకుండా మొండిగా మారుస్తుందని చెప్పాడు. మేతలో కలిపేది సరిగ్గా ఆ తక్కువ డోసే. బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లో ఈ పద్ధతిని తప్పుపట్టింది. స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య మొత్తంగా 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం మందు కలపడాన్ని ఆపేశాయి.

షెడ్డులో ఒక సాయంత్రం

సరిహద్దు జిల్లాల్లోనూ బ్రాయిలర్ పెంపకం చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలో నడిచే వ్యాపారం. పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, రెక్కల కష్టం రైతువి. బ్యాచ్ ఎత్తాక కిలోకు ఇంత అని పెంపకం కూలి వస్తుంది. ఎన్ని చచ్చాయి, కిలో బరువుకు ఎంత మేత పట్టింది అనే లెక్క మీద ఆ కూలి పెరుగుతుంది, తగ్గుతుంది. మందు వాడాలా వద్దా అనే నిర్ణయం ఆ లెక్కలోంచే వస్తుంది, అజ్ఞానంలోంచి కాదు.

అయిదు వేల పిల్లలున్న షెడ్డులో ఒక పొద్దున ఇరవై చచ్చి పడ్డాయనుకుందాం. మిగిలినవాటిలో కొన్ని గురకపెడుతున్నాయి, కొన్ని రెక్కలు వాల్చి మూల చేరాయి. ఇది కొక్కెర రోగం కావచ్చు. అంటే రాణీఖేత్, వైరస్ వల్ల వచ్చేది. మైకోప్లాస్మా వల్ల వచ్చే శ్వాసరోగం కావచ్చు, ఫారంవాళ్లు సీఆర్‌డీ అంటారు. ఈ.కోలై కావచ్చు, లేదా వైరస్ దారి తీశాక వెనకాలే ఈ.కోలై దూరి ఉండవచ్చు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తేల్చాలంటే చచ్చిన కోడిని కోసి చూడాలి, నమూనా తీసి ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు లొంగుతుందో పరీక్షించాలి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. బ్యాచ్ ఆయుష్షే 40 రోజులు. సూపర్‌వైజర్‌కు ఫోన్ వెళ్తుంది, సాయంత్రానికి నీళ్ల ట్యాంకులో మందు కలుస్తుంది. అది అయిదు వేలకూ వెళ్తుంది.

ఈ పద్ధతిలోనే తప్పు డోసు దాగి ఉంది. జబ్బుపడ్డ కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, ఆరోగ్యంగా ఉన్నది ఎక్కువ తాగుతుంది. కాబట్టి మందు అక్కర్లేని కోడికి పూర్తి డోసు అందుతుంది, అవసరమైనదానికి అరకొర. ఎండాకాలంలో కోళ్లు తాగే నీళ్లు బాగా పెరుగుతాయి. లీటరుకు ఇంత అని కొలిచి కలిపితే ఒంటి బరువుకు తగ్గ డోసు మారిపోతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే టెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు కాల్షియానికి అతుక్కుని పేగు నుంచి ఒంట్లోకి సరిగ్గా ఎక్కవు. జబ్బు కోడికి అందే అరకొర మందు, సున్నపు నీళ్లు ఫ్లెమింగ్ చెప్పిన 'తక్కువ డోసు'కే దారితీస్తాయి. రైతు డబ్బా మీద రాసినట్టే కలిపి ఉండవచ్చు. అయినా షెడ్డులో జరిగేది బ్యాక్టీరియాకు శిక్షణే.

ఈ.కోలై ఎప్పుడు విజృంభిస్తుందో చూస్తే మందు ఏ లోటును పూడుస్తోందో తెలుస్తుంది. ఊక తడిసి రెట్టతో కలిసి పులిస్తే అమోనియా లేస్తుంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండుతున్నాయంటే ఆ వాయువు అప్పటికే కోళ్ల గొంతుగొట్టంలోని సన్నని నూగును దెబ్బతీసిందని అర్థం. దుమ్మును, దానితో వచ్చే బ్యాక్టీరియాను బయటకు నెట్టేది ఆ నూగే. అది పోతే దుమ్ములోని ఈ.కోలై నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. మహేంద్రగిరి చుట్టుపక్కల జిల్లాల్లో నాలుగు నెలల వానాకాలం, ఆపైన అక్టోబరు తుపాన్లు. జల్లు కొట్టకుండా పరదాలు దించేస్తే గాలి ఆడదు, ఎత్తితే ఊక తడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే ఫ్యాన్లూ ఉండవు, శుభ్రమైన నీళ్లూ ఉండవు. అప్పుడు చేతిలో మిగిలేది మందు ప్యాకెట్ ఒక్కటే.

వైరస్ దగ్గర మందు పూర్తిగా వృథా. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో, 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు భయం సరిహద్దు ఊళ్లదాకా పాకింది. బర్డ్ ఫ్లూ మీదగానీ రాణీఖేత్ మీదగానీ ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. రాణీఖేత్ టీకా, గుంబోరో అనే మరో వైరస్ రోగానికి టీకా సరైన వయసులో, చల్లదనం చెడకుండా వేస్తే వాటి వెనక వచ్చే బ్యాక్టీరియా జబ్బులూ తగ్గుతాయి. యాంటీబయాటిక్ వాడకాన్ని తగ్గించే మందుల్లో టీకాదే మొదటి స్థానం అనడం అతిశయోక్తి కాదు. సంతకు వెళ్లే దారిలో ఐస్ కరిగిపోయిన టీకా సీసా ఈ లెక్కలో ఎవరికీ కనిపించని నష్టం.

పరిస్థితి ఎంత ముదిరిందో పంజాబ్ అధ్యయనం ఒకటి చూపిస్తుంది. అక్కడి 18 ఫారాల కోళ్ల నుంచి తీసిన 1,556 ఈ.కోలై నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. మూడోతరం సెఫలోస్పోరిన్ల వంటి మందులను ముక్కలు చేసే ఈఎస్‌బీఎల్ ఎంజైమ్ తయారుచేసే రకాలు బ్రాయిలర్లలో 87 శాతం, గుడ్ల కోళ్లలో 42 శాతం. పంజాబ్ అంకెలను గజపతికో కోరాపుట్‌కో యథాతథంగా అంటించకూడదు. కానీ పిల్ల జాతి, మేత, మందులు, కాంట్రాక్టు పద్ధతి దేశమంతా దాదాపు ఒకటే. గుడ్ల కోడి ఏడాదికి పైగా బతుకుతుంది, మందు వాడితే గుడ్లు పక్కన పెట్టాల్సి వస్తుంది కనుక వాడకంలో కొంత జాగ్రత్త ఉంటుంది. బ్రాయిలర్‌కు ఆ ఆటంకం లేదు.

షెడ్డు నుంచి ఊళ్లోకి

బ్యాచ్ ఎత్తాక షెడ్డులో మిగిలేది పెంట కలిసిన ఊక. మంచి ఎరువు కాబట్టి కూరగాయల మళ్లకు, తోటలకు ట్రాక్టర్లలో పోతుంది. కుప్పపోసి, తడిపి, తిరగేస్తూ కొన్ని వారాలు మాగనిస్తే లోపలి వేడికి చాలా బ్యాక్టీరియా చస్తుంది. నేరుగా చల్లితే చావదు. కొత్తిమీర, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటి మళ్లలో ఈ తేడాకు ప్రాణం పోసేంత విలువుంది. నిరోధక జన్యువుల విషయంలో మాగబెట్టడం కూడా పూర్తి పరిష్కారం కాదు, చాలావరకు తగ్గిస్తుంది అంతే.

మొదటి వానకు ఆ మళ్ల నీరు గెడ్డల్లోకి, గెడ్డ నీరు నదిలోకి వెళ్తుంది. గుణుపురం పక్కన పారే వంశధార, రాయగడ మీదుగా దిగే నాగావళి రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. కింద వాటి నీళ్లు తాగేవాళ్లకు, పొలానికి పెట్టుకునేవాళ్లకు పైనున్న జిల్లాలో ఏ మందు వాడారో తెలిసే వీలు లేదు.

రెండో దారి మనుషుల చేతులు. పిల్లలను దింపేవాళ్లు, ఊక తిరగేసేవాళ్లు, రాత్రిపూట కోళ్లను లారీకెత్తే కూలీలు, చికెన్ కొట్టులో మొద్దు మీద రోజుకు వందల కోళ్లు నరికేవాళ్లు. మొద్దు చీలికల్లో తడి ఆరదు. ఈకలు పీకే డ్రమ్ములో ఒక కోడి పేగుల్లోది తర్వాతి కోడి చర్మానికి అంటుతుంది. కొట్టు ముందు కాలువలోకి పోయే నెత్తురు నీళ్లలో ఈగలు, కుక్కలు, కాకులు. వీళ్లలో ఎవరికైనా వెంటనే జబ్బు రావాలని లేదు. కోడి ఈ.కోలై మనిషి పేగులో కాపురం పెట్టకుండా రెండు రోజులు ఉండిపోయినా చాలు, ఆ రెండు రోజుల్లో తన ప్లాస్మిడ్ నకలును అక్కడి బ్యాక్టీరియాకు ఇచ్చి పోగలదు. ఏడాది తర్వాత ఆ మనిషికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చి మామూలు మందు పనిచేయనప్పుడు దాని మూలం ఎవరూ ఊహించలేరు.

నాటుకోడి ఈ లెక్కకు బయట ఉందా? సవర, కోంధ్ ఊళ్లలో పెరట్లో తిరిగే కోళ్లకు మందులు దాదాపు పెట్టరు, కాబట్టి బ్యాక్టీరియాను మొండిగా మార్చే ఒత్తిడి తక్కువ. కానీ అవి ఫారం పెంట చల్లిన మళ్లలోనే గింజలు ఏరుకుంటాయి, ఒకే సంతలో ఒకే గంప కింద ఫారం కోడి పక్కన కూర్చుంటాయి. ఇంట్లో మిగిలిన మాత్రను పొడిచేసి జబ్బు కోడికి పెట్టే అలవాటూ ఉంది. తక్కువ ప్రమాదం అనవచ్చు, ప్రమాదమే లేదనలేం.

ఇందులో కోడి వాటా ఎంత

ఆస్పత్రుల్లో కనిపించే నిరోధకతకంతా కోళ్లే కారణమంటే అన్యాయం. జలుబుకు యాంటీబయాటిక్ రాయడం, చీటీ లేకుండా అమ్మడం, రెండు రోజులకే మాత్రలు మానేయడం, మురుగునీటి వ్యవస్థ లేకపోవడం వంటి వాటి పాత్ర చాలా పెద్దది. ఈ ప్రాంతంలో తరచూ వినిపించే టైఫాయిడ్‌ను కోళ్ల ఖాతాలో అసలు వేయకూడదు. ఆ బ్యాక్టీరియా మనుషుల్లోనే ఉంటుంది. బ్రిటన్‌లో 2019లో వచ్చిన జన్యు అధ్యయనం ఒకటి అక్కడి రోగుల రక్తంలోని ఈఎస్‌బీఎల్ ఈ.కోలై ఎక్కువగా మనుషుల నుంచి మనుషులకు వచ్చిన రకమేననీ, మాంసం వాటా తక్కువేననీ తేల్చింది. అయితే అది మరుగుదొడ్డి, శుభ్రమైన కుళాయి నీరు ప్రతి ఇంటికీ ఉన్న దేశం. కోడిపెంట, గెడ్డ నీరు, వంటిల్లు ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉన్నచోట అదే ఫలితం వస్తుందని అనుకోవడానికి లేదు.

కోళ్ల నుంచి తిన్నగా వచ్చే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే విరేచనాల బ్యాక్టీరియా రకాల్లో సంబంధం మరింత స్పష్టం. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో హేచరీలవాళ్లు పిల్ల పొదగకముందే గుడ్డులోకి సెఫ్టియోఫర్ అనే సెఫలోస్పోరిన్ ఎక్కించేవారు. 2005లో స్వచ్ఛందంగా ఆపేశారు. కోడిమాంసంలోని సాల్మొనెల్లాలోనూ, రోగుల్లోని సాల్మొనెల్లాలోనూ ఆ మందు పట్ల నిరోధకత కలిసే పడిపోయింది. 2007లో కొంతమేర మళ్లీ మొదలుపెట్టాక మళ్లీ పైకి వచ్చింది. ఆపితే తగ్గింది, మొదలెడితే పెరిగింది. ఇంతకన్నా సూటి సాక్ష్యం ఈ రంగంలో అరుదు. అమెరికా కూడా కాంపిలోబాక్టర్ మొండిబారడం చూసి 2005లో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ అనుమతిని రద్దు చేసింది.

అందరినీ ఉలిక్కిపడేలా చేసింది కోలిస్టిన్ సంగతి. ఐసీయూలో వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడే పాత మందు అది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు పశువుల్లో, మాంసంలో, రోగుల్లో ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని ప్రకటించారు. అప్పటికి ఆ మందు చాలా దేశాల్లో, మన దేశంలోనూ, కోళ్ల మేతలో పెరుగుదల కోసం కలుస్తోంది. ప్రపంచంలో 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. చివరి మందును మేతకు ఖర్చుపెట్టడం ఏ కోణంలో చూసినా సమర్థించలేనిది.

చట్టం ఉంది, అది ఎక్కడ ఆగుతోంది

భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహార జంతువులకు, కోళ్లకు, ఆక్వాకు కోలిస్టిన్‌ను పూర్తిగా నిషేధించింది. స్పష్టమైన, అవసరమైన నిర్ణయం అది. మిగతా మందుల విషయంలో దారి అంత సూటిగా లేదు.

2012 జనవరిలో ఔషధ నియమాలకు చేసిన సవరణ ప్రకారం, ఆహార జంతువుల మందు డబ్బా మీద ఆఖరి డోసుకూ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలో రాయాలి. ఒక మందుకు ఆ గడువు నిర్దిష్టంగా తేలకపోతే మాంసానికి కనీసం 28 రోజులు, గుడ్లకూ పాలకూ 7 రోజులు ఆగాలి. ఈ 28 రోజులను 40 రోజుల బ్రాయిలర్ జీవితం మీద పెట్టి చూస్తే, మొదటి పన్నెండు రోజులు దాటాక అటువంటి మందు ముట్టకూడదు. కోళ్లు ఎక్కువగా జబ్బుపడేది మూడు, నాలుగు వారాల్లో. నియమం రాసినవారి ఉద్దేశం మంచిదే, కానీ షెడ్డు క్యాలెండరుతో దానికి పొత్తు కుదరదు. పొత్తు కుదరని నియమాన్ని పాటించారో లేదో చూడాలంటే షెడ్డులో రిజిస్టరు ఉండాలి, కోతకు ముందు నమూనా తీయాలి. సంతలో అమ్ముడయ్యే కోడికి ఆ రెండూ అరుదు. ఇంకో పరిమితి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ గడువు అవశేషాన్ని తగ్గిస్తుంది, నిరోధకతను కాదు.

సరిహద్దు జిల్లాల చిక్కు వేరే ఉంది. రాజ్యాంగంలో పశువైద్యం రాష్ట్ర జాబితాలోనిది. పర్లాకిమిడిలో పశుసంవర్ధక శాఖ ఒడిశాది, పక్కనే ఉన్న పాతపట్నంలో ఆంధ్రప్రదేశ్‌ది. కానీ పిల్లలు, మేత, మందు, గుడ్లు ఆ గీతను రోజూ దాటుతాయి. ఒడిశా మార్కెట్‌కు గుడ్లు పెద్దఎత్తున ఆంధ్ర నుంచే వస్తాయి. వైద్యం కోసం ఈ జిల్లాల రోగులు విశాఖ కేజీహెచ్‌కు దిగుతారు. అంటే మందు ఒక రాష్ట్రం రిజిస్టరులో, కోడి మరో రాష్ట్రం సంతలో, రోగి మళ్లీ మొదటి రాష్ట్రం వార్డులో. ముగ్గురినీ ఒక్కచోట చూసే కాగితం లేదు. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి అంటురోగాలు పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. కాబట్టి రెండు రాష్ట్రాలూ కలిసి పనిచేయడానికి రాజ్యాంగం అడ్డు కాదు. అయితే 2009 నాటి జంతు అంటురోగాల చట్టం రోగాల పేర్ల జాబితా మీద నడుస్తుంది. నిరోధకత ఒక రోగం కాదు, చాలా రోగాలకు అంటుకునే గుణం. జాబితాలో దానికి చోటు వెతకడం కష్టం.

మందు తీసేస్తే షెడ్డు నిలుస్తుందా

రైతుకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. డెన్మార్క్ బ్రాయిలర్ రంగం 1998లో పెరుగుదల మందులను ఆపేసినప్పుడు కిలో బరువుకు పట్టే మేత చాలా స్వల్పంగా పెరిగింది, మరణాలు పెరగలేదు. నెదర్లాండ్స్ 2009 తర్వాత పశువులకు అమ్మే యాంటీబయాటిక్స్‌ను 60 శాతానికి పైగా తగ్గించింది, ఎగుమతులు ఆగలేదు. శుభ్రమైన షెడ్డులో పెరుగుదల మందు ఇచ్చే లాభం ఎప్పుడూ తక్కువే. మురికి షెడ్డులోనే అది పెద్దగా కనిపిస్తుంది. డెన్మార్క్‌లో మందు తీసేసేనాటికి పశువైద్యుడు, ల్యాబ్, గాలి ఆడే కట్టడం ఉన్నాయి. గుణుపురంలో అవన్నీ లేకుండా మందు మాత్రమే తీసేస్తే నష్టం మొత్తం పెంపకం కూలి మీద బతికే రైతు మీదే పడుతుంది. అందుకే ముందు చేయాల్సినవి కంపెనీ కాంట్రాక్టులో ఉన్నాయి. మందు ఖర్చును చౌకగా చూపించి ఊక, పరదా, నీటి శుద్ధి ఖర్చును రైతు నెత్తిన వేసే లెక్క మారాలి. చనిపోయే కోళ్ల సంఖ్యతోపాటు వాడిన మందు పరిమాణం కూడా కూలి లెక్కలోకి రావాలి.

చేయదగ్గవాటిలో చాలావరకు ఖరీదైనవి కావు. నీళ్ల ట్యాంకులో క్లోరిన్, పైపుల్లో పట్టిన జిగురును బ్యాచ్‌కోసారి కడగడం, తడిసిన ఊకను ఆ రోజే తీసి సున్నం చల్లడం, రెండు బ్యాచ్‌ల మధ్య షెడ్డును కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచడం, పెంటను మాగబెట్టి అమ్మడం. ఖరీదైనది ఒక్కటే, దగ్గరలో పరీక్ష. జిల్లా కేంద్రంలో చచ్చిన కోడిని కోసి చూసి, నమూనా పెంచి, మూడో రోజుకు 'ఫలానా మందుకు లొంగుతుంది' అని చెప్పే బల్ల ఒకటి ఉంటే, మొదటి సాయంత్రం మొదలైన మందును మూడో రోజు మార్చడమో ఆపడమో వీలవుతుంది. ఇప్పుడు ఆ సమాచారం లేకపోవడంతో మొదటిది పనిచేయకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది కలుపుతారు.

చిన్నదే అయినా వెంటనే చేయగలిగింది ఇంకొకటి ఉంది. మందు డబ్బాల మీద ఎన్ని రోజులు ఆగాలన్నది ఎక్కువగా ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ జిల్లాల్లో షెడ్డు నడిపేవాళ్లు తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు, ఇంట్లో సవర మాట్లాడేవాళ్లూ ఉన్నారు. మందు కలిపిన తేదీ, పేరు, మళ్లీ కోత ఎప్పుడు అన్న మూడు ముక్కలు షెడ్డు గుమ్మం దగ్గర గోడ మీద సుద్దతో, పనివాళ్లు చదవగలిగే లిపిలో రాసి ఉంటే, కోళ్లెత్తడానికి వచ్చిన లారీవాడు కూడా ఒకసారి చూసి అడగగలడు.